ఆకులే కదా

నిన్న మణికొండలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పొరుగాయన నా చక్కెర జబ్బు సంగతి విని, ఏదో ఆకుల పొడి వాడమన్నాడు. "సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవండీ" అని కూడా చేర్చాడు. ఆ మాట చెవినపడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా మేనకోడలి పాపకు రక్త క్యాన్సర్ వైద్యం జరిగిన రోజులు గుర్తొస్తాయి.

పాపకప్పుడు అయిదేళ్ళు. ఆసుపత్రిలో గడ్డుకాలం దాటి, ఇంట్లోనే మాత్రలు మింగే దశకు వచ్చింది. మేనకోడలు, అల్లుడు, మా అక్క, నేను, అందరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఉన్నట్టుండి పాప కాలేయం పరీక్షలు చెడ్డగా వచ్చాయి. డాక్టరమ్మ మాత్రలు ఆపేసింది. ఎక్కువ రోజులు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆపకపోతే కాలేయం పాడవవచ్చు. ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటే చూసి, "ఇంట్ల ఇంకేమన్న ఇస్తున్నరా? జర నిజం చెప్పుండ్రి" అంది. ఎవరికి వాళ్ళం లేదన్నాం.

ఎన్నో సభల్లో తాయెత్తులకూ తీర్థాలకూ వ్యతిరేకంగా వాదించినవాణ్ణి కనుక దోషి ఎవరో నాకు ఇట్టే తెలిసిపోయింది: మా అక్క. ఫ్రిజ్‌లో ఆవిడ తీర్థం సీసా ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి? మంచినీళ్ళ వంకతో వంటింటి చుట్టూ తిరిగాను. పాప గ్లాసులు వాసన చూశాను. చివరికి ఆ సీసా కూడా పట్టుకుని నిలదీశాను.

"నా వెంట తిరిగినంత గుడి చుట్టూ తిరిగుంటే ఈపాటికి నీకు దేవుడు కనపడేవాడురా" అంది అక్క, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే. "దాని వంతు తీర్థం కూడా నా గొంతులోనే పోసుకుంటున్నా. కాచిన నీళ్ళు తప్ప ఇవ్వొద్దని డాక్టరమ్మ అన్న మాట నేనూ విన్నాను."

నేను నమ్మలేదు. ఆ సాయంత్రం పాపకు పాలు ఇస్తే, గ్లాసులోకి తొంగిచూసి, "ఇవి కూడా పచ్చ నీళ్ళలాగా చేదా తాతయ్యా?" అని అడిగింది. ఏ పచ్చ నీళ్ళమ్మా అన్నాను. నాన్న ఇస్తాడట. తాతయ్యకు చెప్పొద్దన్నాడట.

మా అల్లుడు హైటెక్ సిటీలో పేరున్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగి. పదిసార్లు పరీక్షించనిదే ఏదీ బయటికి వదలని మనిషి. ఆఫీసులో ఎవరో చెబితే పాపకు బలం వస్తుందని ఒక ఆకుల పొడి డబ్బా తెప్పించి, కారులో దాచుకున్నాడు. మూఢనమ్మకానికి విభూతే అక్కర్లేదు, సీలు వేసిన మూత ఉంటే చాలు.

ఎంత కేకలేద్దామనుకున్నానో! అతను తలవంచుకుని, "ఆకులే కదా అనుకున్నాను మావయ్యగారూ. మాత్ర వేసి ఊరికే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు" అన్నాడు. డబ్బా తీసుకుని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. పొడి మానేశాక కాలేయం నెమ్మదిగా కుదుటపడింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

వైద్యం ముగిసి కొన్నేళ్ళయినా పూర్తిగా నయమైందని డాక్టరమ్మ ఇంకా అనలేదు, ఇంకొంత కాలం గడవాలంటుంది. కాలాన్ని ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. కానీ ఏటేటా పాప గౌన్లు పొట్టివైపోతున్నాయి, ఆ రుజువును మాత్రం కాదనలేకపోతున్నాను.