విరిచి చూపని కొమ్ము

"గాయన మంచి విత్తనమని చెప్పిండా?" అని వకీలు సాబ్ అడగ్గానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా మా బాపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిజామాబాద్‌లోని ఆ ఆఫీసులోనే నేను పదేళ్ళుగా టైపు కొడుతున్నాను. ఎంతమంది గోడునో 'మోసం' అనే మాట కింద రాసి కోర్టుకు పంపాను. మా ఇంటి గోడు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మాకు చెల్లదట.

మాది బోధన్ దిక్కు. ఏళ్ళ తరబడి చెరకు వేసిన బాపు ఆ ఏడు తొలిసారి పసుపుకు దిగాడు. ఏర్గట్ల వైపు ఉండే పాత దోస్తు దగ్గర విత్తనం కొన్నాడు. మా చెరకు ఊళ్ళల్లో విత్తనం ఇచ్చేవాడే గడను నిలువునా చీల్చి చూపిస్తాడు. లోపల ఎర్రగా ఉంటే తెగులున్నట్టు. చూపించమని కొనేవాడు అడగడు. అడిగితే నిన్ను నమ్మనని మొహం మీద అన్నట్టే. దోస్తు ఒక్క పసుపు కొమ్మునైనా విరిచి చూపలేదు. పసుపు వాళ్ళ పద్ధతి ఇంతేనేమో అనుకున్నాడు బాపు. చాయ్ తాగి, బస్తాలు ఆటోలో వేసుకుని వచ్చేశాడు. ఎంత అమాయకుడు! తలుచుకుంటే నాకు ఆయన మీద కూడా కోపమొస్తుంది.

వానలు ముదిరాక ఆకులు పసుపు పచ్చబడ్డాయి. మొక్కను పట్టి లాగితే ఊడి వచ్చేది, కింద దుంప మెత్తగా కుళ్ళి కంపు కొట్టేది. చేనంతా పోయింది. అంతకుముందు ఏడు దోస్తు చేనులోనూ ఇదే కుళ్ళు వచ్చిందని వాళ్ళ ఊరివాళ్ళే చెప్పారు. అంటే ఆయనకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

"ఊకె ఉన్నంత మాత్రాన కేసు నిలవదమ్మా. అబద్ధం చెప్పిండా, మాటిచ్చిండా, గది గావాలె," అన్నాడు వకీలు.

మా ఊళ్ళో ఏ అవ్వను అడిగినా దీన్ని దగా అనే అంటుంది. చట్టానికేమో నోటితో చెప్పిన అబద్ధం కావాలి. సరే, కావాలంటే ఇస్తాననుకున్నాను. ఆ కోపంలోనే కంప్యూటర్ ముందు కూర్చుని, 'విత్తనం మంచిదని ఒట్టు వేసి చెప్పాడు' అని ఒక్క వాక్యం చేర్చాను. ప్రింటు తీసి బాపుకు చదివి వినిపించి, పెన్ను చేతికిచ్చాను.

"గాయన గట్ల అనలే గద బిడ్డా."

"అనకపోతేంది బాపు? దగా చేసిండు గద!"

"చేసిండు. గని అనని మాట అన్నడని నేను దస్కతు పెడితే, గాయనకు నేను చేసేదేంది?"

నేను మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాను.

"ఇరిసి సూపలే అని రాయి. గంతే రాయి."

అంతే రాశాను. దీంతో ఏమీ కాదని వకీలు ముందే చెప్పేశాడు. అయినా బాపు దాని కిందే సంతకం పెట్టాడు. ఆ దోస్తు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఆ అబద్ధాన్ని టైపు కొట్టడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. అది గుర్తొచ్చినప్పుడు ఇంకా ఎక్కువ మండుతుంది.