అందరి వేళ్లూ పొయ్యి వైపే

నా రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన వారంలో పలకరించడానికి వచ్చినవాళ్లు చాలామంది అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. ఏం తిన్నారు?

నా వృత్తే వాళ్లచేత అలా అడిగించింది. కువైట్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. మొదట్లో మందులు, ముఖ్యంగా క్యాన్సర్ మందులు, ఒంటికి చేసే హాని మీద పని. ఎర్రటి మందొకటి ఉంది. గడ్డను కరిగిస్తుంది, గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఎలుకల మేత మారిస్తే ఆ దెబ్బ తగ్గుతుందేమో చూడడంలోనే నా వయసు చాలావరకు గడిచింది. తర్వాత తిండికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైపు మళ్లాను. ఫహాహీల్‌లో మన తెలుగువాళ్ల సంఘం పిలిచినప్పుడల్లా వెళ్లి ఉప్పు గురించీ, కాచిన నూనెనే మళ్లీ కాచడం గురించీ మాట్లాడేదాన్ని. అలాంటి మనిషికే ఈ జబ్బు రావడంతో విన్నవాళ్లకు తామేదో మోసపోయినట్టు అనిపించింది.

పక్క ఫ్లాట్‌లో మా కడప ఆవిడే ఒకామె ఉంటుంది. పళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, దగ్గరగా కూర్చుని గొంతు తగ్గించింది.

"నిజం చెప్పుక్కా. బయట యాడన్నా తింటాంటివా?"

"లేదు మా, ఇంట్లోనే."

"మల్ల ఎట్లొచ్చె?"

"తెలీదు."

"నీకే తెలీదంటే ఎట్లక్కా" అని, మా ఆయన వైపు తిరిగి, "చక్కెర నిలిపేయండన్నా. దానికి అదే తిండంట" అంది. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆమె గడప దాటగానే నా టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకుని తాగాను. నిజానికి నాకంత తీపి పడదు.

చికిత్స మొదలైన రోజు నర్సు తెచ్చి తగిలించిన సంచిలో అదే ఎర్ర మందు. అది పాడుచేసిన గుండె కండరం ఎలా ఉంటుందో సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు చూశానో. సన్నటి గొట్టంలోంచి అది నా చేతివైపు దిగుతుంటే భయమేసింది. గుండె పరీక్షల గురించి డాక్టర్ని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పి, "మీరు కొన్నాళ్లు రోగిగా ఉండండి. ఎలుకల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. మందు పనిచేసింది. కుంచించుకుపోయిన గడ్డను ఆపరేషన్ చేసి తీసేశారు. జుట్టు మళ్లీ మొలిచింది.

అప్పుడు సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "మీ అనుభవం చెప్పండి మేడం, నలుగురికీ పనికొస్తుంది." సరేనన్నాను. శుక్రవారం హాల్లోకి అడుగుపెట్టేసరికి వేదిక వెనక పెద్ద బ్యానరు, నా ఫొటో. దాని కింద, 'ఆహారంతో క్యాన్సర్‌ను జయించిన శాస్త్రవేత్త'.

"ఇది తీయించండి" అన్నాను.

"ఇప్పుడెలా తీస్తామండి, ప్రింటయిపోయింది. అయినా మంచి మాటే కదా."

"అబద్ధం కదా."

ఆయన నవ్వి దండ తేవడానికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మైకు చేతికి రాగానే, వెనకున్న బ్యానరులో రాసింది అబద్ధమని మొదలుపెట్టాను. నన్ను బతికించింది మందూ, కత్తీ అని చెప్పాను. మా ఎలుకల గురించి చెప్పాను. అవి ఒకే జాతివి. ఒకే గదిలో, ఒకే వెలుతురులో పెరుగుతాయి. నేను తూచి పెట్టిన మేత తప్ప ఇంకోటి ముట్టవు. అయినా ఒకదానికి గడ్డ లేస్తుంది, పక్క బోనులోదానికి లేవదు. వేలమందిని కలిపి చూసి, ఫలానా తిండి తినేవాళ్లలో జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని నేను చెప్పగలను. అందుకే జాగ్రత్తలు చెబుతాను. ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని పట్టుకుని, నువ్వు ఇది తిన్నావు కాబట్టే వచ్చిందని మాత్రం చెప్పలేను. అలా చెప్పేవాళ్లెవరికీ తెలియదు.

కార్యదర్శి మైకు అందుకుని, "మేడంగారు మరీ వినయంగా మాట్లాడారు" అని అందరినీ భోజనాలకు లేపాడు.

చేతులు కడుక్కునే చోట ఒకామె నాకోసం నిలబడి ఉంది. కోనసీమ మనిషి. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేస్తుందట.

"మేడంగారండి, ఇందాక చెప్పింది నిజవేనాండి?"

"ఏ మాట?"

"ఒక్క మనిషికి దేనివల్ల వచ్చిందో చెప్పలేరన్నారు కదండి."

ఇద్దరం బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె భర్త ఇక్కడే డ్రైవరుగా చేసేవాడట. కడుపులో క్యాన్సరని తేలాక ఇంటికి పంపేస్తే అక్కడే పోయాడు. ఎండుచేపలు తింటే ఆ జబ్బు వస్తుందని మరిది ఫోన్లో ఏదో వీడియో చూసి తల్లికి చూపించాడు.

"ఊళ్లో ఉన్నప్పుడు అందరికీ నేనే వండేదాన్నండి, నా చేతి ఎండుచేపల పులుసే చంపేసిందంటారండి మా అత్తగారు. మొన్న సెలవుకెళ్తే వంటింట్లోకి రానివ్వలేదండి. మా పాపకి అన్నం కలిపి పెడదావని కూర్చుంటే కంచం లాగేసుకున్నారండి. ఇక్కడ మా మామా, అదేనండి మా యజమానురాలు, ఆవిడ ఇంటిల్లిపాదికీ నేనే వండుతానండి. నా పిల్లకి మాత్రం పెట్టకూడదంట. మీరోసారి ఆవిడతో చెప్తారాండి?"

అక్కడే ఫోన్ కలిపింది. ఆ పెద్దావిడకు నేనెవరో చెప్పాను, విషయం చెప్పాను.

"ఎండుచేపల వల్ల వస్తాదని డాక్టర్లే చెప్తన్నారంట కదమ్మా" అంది.

"అది ఊరందర్నీ కలిపి చెప్పే మాటమ్మా. మీ అబ్బాయికి దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆ పులుసు మీరూ తిన్నారా?"

"తిన్నాను" అంది.

"చిన్నబ్బాయి?"

"ఆడూ తిన్నాడు. మరి నా పెద్దోడికే ఎందుకొచ్చిందమ్మా?"

"తెలియదమ్మా."

"తెలియనప్పుడు ఫోనెందుకు చేశావు" అని పెట్టేసింది.

కొడుకును పోగొట్టుకున్న ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఆమె చేతికి ఒక నిందితురాలిని అందించినవాళ్ల మీద వచ్చింది. భర్త జబ్బు ఎప్పుడు బయటపడిందని ఈమెను అడిగాను.

"బయటపడేసరికే ముదిరిపోయిందండి. కడుపునొప్పని ఎప్పట్నించో అనేవారండి. కఫీల్‌ని, అదేనండి ఆయన యజమానిని, సెలవడిగితే, మాత్ర మింగి యల్లా, బండెక్కు అన్నాడంట. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగుతా బండి నడిపారండి."

నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను ఎలా తినేస్తాయో చూడడం నా ఉద్యోగంలో భాగం. నొప్పిని నోరెత్తనివ్వకుండా ఎంతకాలం అణిచి ఉంచుతాయో కూడా తెలుసు. ఆ గడ్డ ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. అంత ఆలస్యంగా ఎందుకు దొరికిందో ఇప్పుడు తెలిసింది. ఆ యజమానిని ఎవరూ ఏమీ అడగలేదు. ఎండలో బండి నడుపుతూ పరగడుపున మాత్ర మింగే మనిషిని డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లనివ్వలేదని ఏ వీడియోలోనూ ఉండదు. అందరి వేళ్లూ పొయ్యి వైపే, దాని ముందు నిలబడ్డ ఆడదాని వైపే.

"ఇది మీ అత్తగారికి తెలుసా?"

"తెలీదండి. అమ్మ బెంగెట్టుకుంటాది, చెప్పొద్దన్నారండి ఆయన."

"చెప్పు. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు."

తర్వాతి సెలవుకు వెళ్లి వచ్చాక ఆమె మా ఇంటికి వచ్చింది. ఈలోగా సంఘంవాళ్లు నా ప్రసంగం వీడియో పెట్టారు. దండ వేయడమూ బ్యానరూ ఉన్నాయి, నా మాటలు చాలావరకు లేవు. తీసేయమని ఎన్నిసార్లు అడిగినా కార్యదర్శి చూద్దామంటాడు. నేను ఆ మంటలో ఉండగానే ఆమె లోపలికొచ్చి కూర్చుంది.

"చెప్పానండి. చాలాసేపు ఏడ్చారండి. నాకు చెప్పలేదేరా అని ఆయన ఫొటోని తిట్టారండి. నన్ను మాత్రం ఏవీ అనలేదు. మర్నాడు పొద్దున్నే బియ్యం కడిగి తెచ్చి నా ముందు పెట్టారండి."

"నువ్వేం చేశావు?"

"అన్నం వండి, మా పాపకి పప్పేసి కలిపి పెట్టానండి. పక్కనే కూర్చున్నారు, చూస్తా."

"మరి మీ మరిది?"

"నా చేతి వంట ఆడింకా ముట్టట్లేదండి. నేనున్నన్నాళ్లూ హోటల్లోనే తిన్నాడండి" అంది.