‘జస్ట్ నౌ’ అంటే ఎప్పుడు?

హరిప్రియకి అన్నీ అనుమానాలే. తలుపుకి తాళం వేశాక మళ్ళీ మళ్ళీ లాగి చూసే రకం. అలాంటి మనిషి ఒక్క మాట నమ్మింది, అదీ ఫోన్లో విన్న మాట! తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభై ఎనిమిది నాటి సంగతి. కాకినాడ నుంచి తను, తెనాలి నుంచి నేను, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, గ్రే స్ట్రీట్‌లో ఒక బట్టల కొట్టు మేడ మీద వెబ్ పేజీలు తయారుచేసేవాళ్ళం. యజమాని బేసిల్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. మంచివాడే, కానీ ఎవరు చెప్పారో ఏమో, అన్నీ మాకింటోష్‌లే కొన్నాడు. జనం మా పేజీలు చూసే చుట్టుపక్కల ఊళ్ళ లైబ్రరీల్లో ఉన్నవేమో పాత విండోస్, ముసలి నెట్‌స్కేప్‌ బ్రౌజర్లు. మా దగ్గర పెళ్ళికూతురిలా ఉన్న పేజీ అక్కడ ఏ అవతారంలో తేలుతుందో దేవుడికే ఎరుక. అందుకే హరిప్రియ తన మాక్‌లోనే పాత విండోస్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుంది. అది నత్తనడక నడిచేది. అయినా ప్రతి పేజీనీ పాత బ్రౌజర్లలో తెరిచి, ప్రతి బటనూ నొక్కి చూసేది.

“నీకిదేం పిచ్చమ్మా?” అంటే, “నేను నొక్కి చూడకపోతే ఇంకెవరో నొక్కలేక ఏడుస్తారు జనార్దన్ గారూ” అనేది.

ఆ ఏడు ఒక నర్సింగ్ కాలేజీ నల్లపిల్లలకి మొట్టమొదటిసారి తలుపులు తీసింది. దరఖాస్తులు మా పేజీ నుంచే పంపాలి. ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. ఆ పొద్దున హరిప్రియ డార్నల్ లైబ్రరీకి ఫోన్ చేసింది. అక్కడ కౌంటర్లో ఉండే సావీ ముత్తాతలు మన గోదావరి వైపు నుంచి చెరకు తోటల్లోకి వచ్చినవాళ్ళే, తెలుగు మాత్రం ఆవిడ దాకా రాలేదు.

చెరకు కూలీల పిల్ల ఆగ్నెస్ దరఖాస్తు పెట్టడానికి వచ్చి కూర్చుందని చెప్పింది సావీ.

“పేజీ చివర పంపే బటన్ పనిచేస్తోందా? చూశారా?”

“జస్ట్ నౌ.”

మనకి ‘జస్ట్ నౌ’ అంటే ఇప్పుడే చూశానని. హరిప్రియ హాయిగా ఫోన్ పెట్టేసింది.

మూడు దాటింది. పోర్ట్ షెప్‌స్టోన్ లైబ్రరీ నుంచి బోలెడు దరఖాస్తులు వచ్చాయి. డార్నల్ నుంచి ఒక్కటీ లేదు. హరిప్రియ గబగబా ఫోన్ అందుకుంది. ఫోన్ చేస్తే ఎంగేజ్, మళ్ళీ ఎంగేజ్. ఆ లైబ్రరీ మొత్తానికీ ఒకటే లైను, కంప్యూటర్ దాని మీదుంటే ఫోన్ మోగదు. ఎలాగో కలిసింది.

“చూశానన్నారుగా!” అని అరిచింది.

“జస్ట్ నౌ చూస్తానన్నాను” అంది సావీ, తప్పేముందన్నట్టు. అక్కడివాళ్ళ ‘జస్ట్ నౌ’ అంటే ఇంకాసేపట్లో, తీరిక దొరికినప్పుడు! “పొద్దున్నుంచీ ఒకటే జనం. పాపం ఆ పిల్ల అంతా నింపేసి కూర్చుంది. చివర బటన్ లేదు, ఏదో ఖాళీ డబ్బా ఉంది. లైన్ స్లో కదా, బొమ్మలు రాకుండా ఆపేశాం.”

మా బటన్ బొమ్మే! హరిప్రియ పరీక్షించినప్పుడల్లా బొమ్మలు వచ్చాయి, వాటిని ఆపేసేవాళ్ళుంటారని తట్టలేదు. చకచకా బొమ్మ తీసేసి మామూలు బటన్ పెట్టింది.

“పేజీ మళ్ళీ తెరవండి. నింపిందంతా పోతుంది, మళ్ళీ కొట్టాలి. ఫోన్ పెట్టేయండి!”

“ఓకే, ఓకే, అసలేమైందంటే...”

“నీ దుంప తెగ! ఫోన్ పెట్టవే!” అచ్చ తెలుగులో గావుకేక.

“మా అవ్వ మాట!” అంది సావీ. ఠక్కున లైను తెగింది. ఇంగ్లీషుకి కదలని మనిషి అవ్వ తిట్టుకి కదిలింది.

ఇక చేసేదేముంది, తెర వంక చూడటం తప్ప. ఆ పిల్ల ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ ఉంటుందని తల్చుకుంటేనే నాకు కంగారు. గడియారం నాలుగు కొట్టింది. ఏమీ రాలేదు. ఫోన్ మోగితే బేసిల్ ఎత్తాడు. కాలేజీలో దరఖాస్తులు చూసే లొరెయిన్, పేజీ మూసెయ్యమంటోంది.

“తప్పకుండా మేడం” అన్నాడు బేసిల్. “జస్ట్ నౌ.”

“అయిపోయింది” అని నేను కూలబడ్డాను.

హరిప్రియ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఊరుకోండి! ఆయన ఈ ఊరివాడు.”

బేసిల్ మా వంక చూడలేదు, కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళలేదు. కెటిల్లో నీళ్ళు పోసి స్విచ్ వేశాడు. నీళ్ళు మరిగాయి. టీ పెట్టాడు, పంచదార వేసి కలుపుతూనే ఉన్నాడు.

తెర మీద ఒక కొత్త వరస పడింది. ఆగ్నెస్, డార్నల్.

హరిప్రియ రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. బేసిల్ టీ అంతా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడొచ్చి పేజీ మూశాడు.