తాటిచెట్టు మీది సిగ్నల్

సిద్దిపేటలో నేను కిరాయికుంటున్న ఇంటి ముందు ఎండాకాలం వస్తే ఒక ముసలామె ముంజలు అమ్ముతుంది. ఆమె కత్తి పడగానే లేత తాటికాయలోంచి లేచే పచ్చి వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. అది తగిలితే చాలు, కోహెడ దగ్గరి మా ఊరి తాటివనం, నాకు పన్నెండేళ్లున్నప్పటి ఎండాకాలం కళ్ల ముందుకొస్తాయి.

అంతకు ముందటి సెలవులన్నీ పక్కింటి స్వప్నతోనే గడిచాయి. ముంజలు బొటనవేలితో తోడుకు తిని, ఆ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసి వాడంతా తోలేవాళ్లం. మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకు తింటూ వాళ్ల గచ్చు మీద అష్టాచెమ్మ ఆడేవాళ్లం. నేతపని సాగక వాళ్ల నాయిన అందరినీ తీసుకుని మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి వెళ్లిపోయాక మాకు మిగిలింది ఫోన్‌లో ఇద్దరు కలిసి ఆడే ఒక ఆట. అందులో ఇద్దరు మనుషులు ఒకే తాడు నడుములకు కట్టుకుని మంచుకొండ ఎక్కాలి. ఒకరు తాడు బిగించి పట్టుకుంటేనే రెండోవారు పైకి అడుగు వేయగలరు. ఎక్కడో భీవండిలో స్వప్న వేలు కదిపితే, ఇక్కడ మా అరుగు మీద, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ ఫోన్‌లో నా తాడు బిగిసేది. ఎన్నిసార్లు చూసినా ఆ వింత నాకు తీరేది కాదు.

కానీ మా ఇంట్లో సిగ్నల్ ఒక గీతో, రెండు గీతలో. తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైతే నా మనిషి ఉన్నచోటే బిగుసుకుపోయి, కాసేపటికి మాయమైపోయేది. తాడు తెగి స్వప్న కొండ కింద పడేది. మూడోసారి, ఇంకో నాలుగు అడుగులేస్తే కొన చేరతామనగా అలాగే జరిగింది. వెంటనే తను ఫోన్ చేసింది.

“నాతోని ఆడబుద్ధి కాకుంటె చెప్పు. గట్ల నడిమిట్ల ఇడిసిపెట్టి పోకు.”

సిగ్నల్ సంగతి చెప్పేలోపే పెట్టేసింది. వారం రోజులు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నాకు అన్నం సయించలేదు.

మా బాపు తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, మాట తక్కువ. అవ్వ నోట సంగతంతా విని, “చెట్టు మీద సిగ్నల్ నిండ ఉంటది బిడ్డా. రేపు పొద్దూకంగ తాళ్లల్లకు రా” అన్నాడు. బాపు నా కోసం చెట్టెక్కుతున్నాడని, ఒక్కసారి ఆటలోకి రమ్మని స్వప్నకు మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు.

మర్నాడు సాయంత్రం బాపు తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టించుకుని, దాన్ని రుమాలులో చుట్టి మొలకు కట్టుకుని, చెట్టుకూ నడుముకూ కలిపి మోకు వేసుకుని పైకెక్కాడు. చెట్టు మొదట్లో కూర్చుని నేను ఆట తెరిచాను. కొండ కింద నా మనిషి ఒక్కతే నిలబడి ఉంది. చాలాసేపటికి పక్కన స్వప్న మనిషి వచ్చి నిలబడింది.

ఎక్కాం. గీత పని పది నిమిషాల్లో అయిపోయినా బాపు దిగలేదు, మోకు మీద ఒరిగి అలాగే ఉండిపోయాడు. కొన దగ్గరపడ్డాక మళ్లీ చక్రం తిరిగింది. “బాపూ, సిగ్నల్ పోతుంది” అని అరిచాను. తలెత్తి చూస్తే, కుంకుతున్న పొద్దులో, మట్టల మధ్య నుంచి ఆయన చేయి ఫోన్‌తో ఆకాశంలోకి చాచి ఉంది. చక్రం ఆగేసరికి స్వప్న తాడు పట్టుకుని అక్కడే ఉంది, ఒక్క అంగుళం సడలించలేదు. మేమిద్దరం కొన మీద నిలబడ్డాం. అప్పుడు స్వప్న ఫోన్ చేసి, “బాపును దిగుమని చెప్పు, కాళ్లు గుంజుతయ్” అంది.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ ఇంటర్నెట్ వైరు వచ్చింది. బాపు మోకాళ్లు అరిగి చెట్లెక్కడం మానేశాడు. ఆ తాళ్లు సగం కొట్టేశారు. మొన్న చూస్తే ఆ ఆటను కూడా మూసేశారట, కొండ ఎక్కడా లేదు. ఆ మాట చెబితే బాపు ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగాడు.

“ఇంతకు గా కొండ మీద ఏముండె బిడ్డా?”

ఏమీ లేదని, ఇద్దరు నిలబడేంత జాగ మాత్రం ఉండేదని చెప్పాను.

“సాలు గదా” అన్నాడు.