అత్తరు వాసన వేసిన కర్చీఫు

సమాజం పాడైపోతోందన్న సంగతి నాకు మొదట మా పక్కింటి అరుగు మీద తెలిసింది. గుడివాడలో మా పక్కింట్లో రిటైరైన సోషల్ మాస్టారు ఒకాయన ఉండేవారు. రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన అరుగు మీద నలుగురు చేరేవారు. ఆరున్నరకల్లా సమాజం పూర్తిగా పతనమయ్యేది. అందరూ భోజనాలకి లేచేవారు. మర్నాడు మళ్ళీ మొదటినించీ పతనం కావలసి వచ్చేది. నేను బి.ఏ. పాసై రెండేళ్ళుగా ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాణ్ణి కనక, దీన్ని దగ్గరుండి గమనించే తీరిక నాకు ఉండేది.

అప్పటికి దివిసీమ ఉప్పెన వచ్చి ఏడాది అయింది. సాయం బట్టల లారీని దారిలోనే ఖాళీ చేశారట అని ఒకరంటే, ఇంట్లో ఉన్న గింజలన్నీ వండి ముక్కూమొహం తెలియనివాళ్ళకి పెట్టారట అని ఇంకొకరు అనేవారు. ఒక్క ఉప్పెనే రెండు పక్షాలకీ సాక్ష్యం చెప్పేది.

మాస్టారు మాత్రం ఈ విన్న కబుర్లు నమ్మేవారు కారు. ఆయన కొలత వేరు.

“బస్సులో కర్చీఫు చూడవయ్యా,” అనేవారు. “పోలీసు లేడు, రసీదు లేదు. కిటికీలోంచి ఓ గుడ్డముక్క సీటు మీద వేసి, వెళ్ళి తాపీగా టీ తాగి వస్తావు. లోపల ముప్పై మంది నిలబడి ఉంటారు. ఒక్కడు దాన్ని ముట్టుకోడు. అది సమాజమంటే. దాన్ని తీసేసే మనిషి పుట్టిన రోజున నాకు చెప్పండి.”

ఆ మనిషి పుట్టి అప్పటికి అరవై రెండేళ్ళయిందని మాకెవరికీ తెలియదు.

మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడకి ఒక కన్ను ఎప్పుడో నాటు పసరుతో పోయింది. రెండోదానికి శుక్లం కమ్మింది. ఆ చలికాలం బందరులో, అంటే మచిలీపట్నంలో, కంటి శిబిరం పెట్టారు. ఆపరేషన్ చెయ్యబోయే ముందు రక్తపోటు చూస్తారు, ఎక్కువుంటే ఇంటికి పంపేస్తారు. కిందటేడు పిన్నిగారు బస్సులో గుడివాడనించి బందరు దాకా నిలబడి వెళ్ళారు. రక్తపోటు చూసిన కుర్ర డాక్టరు “వచ్చే ఏడు రండమ్మా” అన్నాడు. ఈలోపల ఆ వచ్చే ఏడు వచ్చింది, చూపు మాత్రం గడప గుర్తుపట్టేంత మిగిలింది. మూడో అవకాశం దాకా అదీ ఉండదని అందరికీ తెలుసు. పది గంటలకల్లా అక్కడ ఉండాలి. ఆవిడ కూర్చుని వెళ్ళాలి. ఇంతే కావలసింది.

సీటు పట్టే బాధ్యత నాకు అప్పగించారు. నా చదువుకి తగిన మొదటి ఉద్యోగం అదే.

తెల్లారి ఆరున్నరకి మాస్టారి కండువా పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. ఎర్రబస్సు తిరుగుతూ వచ్చింది. ఇంకా ఆగకముందే పక్కనే పరిగెత్తి, మూడో కిటికీలోంచి కండువా విసిరాను. జంట సీటుకి నిండుగా పరుచుకుంది. ఇంత చక్కగా నేను ఏ పరీక్షా రాయలేదు. గర్వంగా వెళ్ళి, బెంచీ మీద కూర్చున్న దంపతుల్ని లేపి తీసుకొచ్చేసరికి, కండువా వేసిన బస్సు మమ్మల్ని దాటుకుంటూ గేటు వైపు వెళ్ళింది. అప్పుడు దాని బోర్డు చదివాను. ఉయ్యూరు.

“బి.ఏ.లో బోర్డులు చదవడం లేదా నాయనా?” అన్నారు మాస్టారు.

“ఆప్షనల్ అండీ,” అన్నాను.

ఆ వెనకే బందరు బస్సు వచ్చింది. మేం ఎక్కేసరికి నిండిపోయింది. బస్సు మొత్తం మీద ఒక్క సీటు ఖాళీ. దాని మీద నీలం గళ్ళ కర్చీఫు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని వెనక నిలబడ్డారు. ఊపిరి గట్టిగా పీలుస్తున్నారు. మాస్టారు ఆవిడ మొహం చూశారు, సీటు చూశారు. తర్వాత వంగి, బల్ల మీద సుద్దముక్క తీసుకున్నంత మామూలుగా ఆ కర్చీఫు తీసి లాల్చీ జేబులో పెట్టుకున్నారు.

“కూర్చోవే,” అన్నారు.

రెండు నిమిషాలకి ఒక సాయిబుగారు టీ తాగి మూతి తుడుచుకుంటూ ఎక్కారు. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల టోపీ, చేతిలో సంచి.

“ఇక్కడ నా కర్చీఫు వేశానండీ.”

“ఇక్కడేం లేదండీ,” అన్నారు మాస్టారు. అంతటితో ఆగినా బాగుండేది. “ఇంకో బస్సులో వేశారేమో చూసుకోండి. ఇందాక మావాడూ అలాగే చేశాడు.”

నా తప్పు ఇంత తొందరగా ఎవరికైనా ఉపయోగపడుతుందనుకోలేదు. సాయిబుగారు మాస్టారిని చూశారు, పిన్నిగారిని చూశారు, నన్ను చూశారు. నేను టిక్కెట్టు ధరల పట్టిక చదువుతున్నాను.

“అయ్యుంటుందండీ,” అని ఆయన పైకమ్మీ పట్టుకున్నారు.

అలా బందరు దాకా ఆయనా మేమూ పక్కపక్కనే నిలబడ్డాం. పెడన దాటాక ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి మెరుగు పెడతారని తెలిసింది. మాస్టారు మాత్రం దారి పొడుగునా వరిచేలని పరీక్షాధికారిలా చూస్తూ ఉండిపోయారు.

రక్తపోటు సరిగ్గా ఉంది. ఆపరేషన్ అయింది. రెండు కళ్ళకీ కట్లు కట్టి, ఆరు రోజులు తల కదపకూడదన్నారు.

మర్నాడు బట్టల కోసం గుడివాడ వచ్చాను. బస్టాండులో ఉయ్యూరు బస్సు కండక్టరు, కండువా విసిరినవాణ్ణని గుర్తుపట్టి పిలిచాడు. మాస్టారి కండువా మడతపెట్టి ఇచ్చాడు.

“ఎవరండీ బాబూ మీరు? మీ కండువా చూసి పామర్రు దాకా ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోమన్నా కూర్చోరే! ఎవరో టీకి దిగారు, వచ్చేస్తారు అంటారు. కదిలే బస్సులోకి ఎలా వస్తారయ్యా అంటే, వస్తారులెండి అంటారు.”

తిరిగి వెళ్ళి మాస్టారికి ఈ కథంతా చెప్పాను. “మీరన్నదే నిజం మాస్టారూ. సమాజం ఉంది.”

“సంతోషం,” అన్నారాయన, టెలిగ్రాం అందుకున్నవాడిలా.

ఆయన కొలతలో తప్పు లేదని నాకు అప్పుడే అనిపించింది. కొలిచేవాడు ఎప్పుడూ అరుగు మీదే ఉంటాడనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. పతనం అంటే ఎవరో దుర్మార్గుడు ఎక్కడో చేసే పని అని మేం రోజూ మాట్లాడుకున్నాం. మంచి కారణంతో, మనకి కావలసినవాళ్ళ కోసం, చుట్టూ చూసుకోకుండా చేసే పని కూడా అందులోకే వస్తుందని ఎవరికీ తట్టలేదు. ఆయన స్థానంలో నేనున్నా తీసేవాణ్ణి. కాకపోతే సుద్దముక్క తీసినంత అందంగా తీయలేకపోయేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం మాస్టారు మంచం మీదకి వంగి మంచినీళ్ళు తాగిస్తుంటే పిన్నిగారు ముక్కు ఎగబీల్చారు.

“ఏవండీ, మీ దగ్గర అత్తరు వాసన వస్తోందేంటి?”

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

“నిన్నా వచ్చింది. ఆస్పత్రి వాసనేమో అనుకున్నాను. నా కళ్ళకి కట్లు కట్టగానే మొదలెట్టారా ఈ వయసులో?”

పక్క మంచం పేషంటు కూడా తల కదపకూడదన్న సంగతి మరిచిపోయి ఇటు తిరిగింది. మాస్టారు స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి జరిగింది చెప్పారు.

“నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి చేశారా ఈ పని?”

“నీకోసమేనే.”

“నాకోసమని మీరు అబద్ధమాడటం బాగానే ఉంది. నేను ఆ అబద్ధం మీద కూర్చుని వచ్చానుగా. కట్లు విప్పేలోపల ఇచ్చి రండి. లేకపోతే విప్పించుకోను.”

“ఆపరేషన్ అయ్యాక ఈ పంతమేంటే?”

“కన్ను నాదండీ,” అన్నారావిడ.

ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన మాస్టారు ఓడిపోయిన వాదన నేను చూసింది అదొక్కటే. ఇద్దరం చిలకలపూడి వెళ్ళాం. నిన్న పొద్దున గుడివాడనించి నిలబడి వచ్చిన సాయిబుగారు ఎవరని అడుగుతూ తిరిగాం. చివరికి ఒక రేకుల షెడ్డులో కనిపించారు, గాజుల మీద బ్రష్షుతో రుద్దుతూ. మాస్టారు కర్చీఫు తీసి రెండు చేతులతో పట్టుకున్నారు. క్షమాపణ ఉపన్యాసం తయారుగా ఉందని మొహమే చెబుతోంది. సాయిబుగారు మొదలుపెట్టనివ్వలేదు.

“అమ్మగారికి ఆపరేషన్ అయిందా అండీ?”

“మీకెలా తెలుసు?”

“ఆవిడ మెట్టు వెతుక్కుంటూ ఎక్కడం టీ కొట్టు దగ్గర్నించి చూశానండీ. మీరు జేబులో పెట్టుకోవడం కూడా చూశాను.”

మాస్టారి ఉపన్యాసం అక్కడితో అయిపోయింది.

“మరి మళ్ళీ అడగలేదేం?”

“మీరు అడగలేదుగా అండీ,” అన్నారాయన, కర్చీఫు దులిపి భుజం మీద వేసుకుంటూ. “ఒక్క మాట అడిగితే నేనే ఆ సీటు ఇచ్చేవాణ్ణి. నిలబడ్డం పెద్ద కష్టం కాదండీ. బందరు దాకా మీ మాట నమ్మినట్టు మొహం పెట్టుకు రావడం కష్టమైంది.”

టీ తెప్పించారు. మాస్టారు తాగారు.

ఆరో రోజు కట్లు విప్పారు. డాక్టరు చెయ్యి ఎత్తి, “ఎన్ని వేళ్ళమ్మా?” అన్నాడు.

“మూడు,” అన్నారు పిన్నిగారు. “గోళ్ళు తీయించుకోండి నాయనా.”

అయితే ఆ కంటికి కుదుపు తగలకుండా గుడివాడ చేరాలి. బందరు బస్టాండులో నేను అలవాటుగా కిటికీల వైపు పరిగెత్తబోతే మాస్టారు చొక్కా పట్టుకుని ఆపారు. ఆకుపచ్చ గుడ్డ కంటికి అడ్డం కట్టిన భార్యని చేయి పట్టుకుని ఎక్కించి, నిండిన బస్సులో మధ్యగా నిలబడ్డారు. జీవితమంతా జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగిన మనిషి. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

“అయ్యా, మా ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. ఎవరైనా కాస్త చోటిస్తారా?”

క్లాసులో వినిపించే గొంతు కాదది. వెనక సీటు దాకా కూడా వెళ్ళలేదు. ఒకాయన వెంటనే కళ్ళు మూసుకుని గాఢనిద్రలోకి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన కిటికీలోంచి బందరు అందాలు చూడసాగాడు. బస్సు కదిలింది. మాస్టారు ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో పిన్నిగారి భుజం పట్టుకున్నారు. రెండోసారి అడగడానికి ఆయన నోరు తెరుస్తుంటే, ముందు వరసలో చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నావిడ వెనక్కి తిరిగి చూసింది.

“గట్టిగా అడగొచ్చుగా బాబుగారూ! దొంగతనానికొచ్చినట్టు ఆ గొణుగుడేంటి?” అంటూ లేచింది. “రామ్మా, ఇలా కూర్చో. గంపకి కాలు తగలనియ్యకు, నీచు అంటుద్ది.”