కొల్లేటి చెరువులో విరిగిన షాఫ్టు

2022, ఆగస్టు. భీమడోలులో నేను లేత్ షాపు పెట్టి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. లేత్ అంటే ఇనుప కడ్డీని తిప్పుతూ కావలసిన కొలతకు చెక్కే మిషను. బళ్లో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా లైబ్రరీలో చదువుకున్నదే.

ఆ పొద్దున, గుండుగొలను దిగువన చేపల చెరువు చేస్తున్న పద్మావతి గారు విరిగిన షాఫ్టు, అంటే మోటారు తిప్పే ఇరుసు, పట్టుకొచ్చారు. ఏరేటర్‌ది. దాని రెక్కలు నీళ్లను చిలికి చేపలకు గాలి అందిస్తాయి. మూడు రోజుల ముసురుకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

“మేస్త్రిగారండీ, సాయంత్రం దాకా ఆగితే చెరువంతా తెల్లగా తేలిపోద్దండీ.”

వెంట వచ్చిన కంపెనీ ఇంజనీరు అడ్డుపడ్డాడు. “షాఫ్టు విదేశం నుంచి రావాలండి, పది రోజులు. బయట చేయిస్తే వారంటీ పోద్ది.”

“వారంటీని చేపలు పీలుస్తాయాండీ?” అన్నారావిడ.

అచ్చం అదే కొలతకు చేసిచ్చాను. తీసుకెళ్లి బిగించారు. రెండు గంటల్లో అదే చోట విరిగి మళ్లీ నా బల్ల మీదికొచ్చింది.

“చూశారా!” అన్నాడు ఇంజనీరు. “ఇంగ్లండులో ఫ్యాక్టరీలు ముందు ఊరికే రాలేదండి. వాళ్లది బుర్ర. మనది సర్దుబాటు.”

ఒళ్లు మండింది. “బుర్ర వాళ్లొక్కళ్లకే ఉందా? అక్కడ బొగ్గు గనుల్లో నీళ్లూరేవి. తోడే ఆవిరి ఇంజను గని ఒడ్డునే పెట్టారు. దానికి కావలసిన బొగ్గూ అక్కడే, బాగుచేసే కమ్మరీ అక్కడే, ఆగిపోతే తిట్టే ఆసామీ అక్కడే. పైగా మన నేతబట్ట మీద సుంకాలేసి, వాళ్ల మిల్లుబట్ట మనకే అమ్మారు. అదీ చెప్పండి!”

“ఉపన్యాసం తర్వాతండీ బాబూ, అవతల చేపలు!” కసిరారు పద్మావతి గారు.

నా మాట నాకే తగిలింది. గని ఒడ్డు గురించి చెప్పేవాణ్ణి, చెరువు ఒడ్డుకి వెళ్లి చూడలేదు.

వెళ్లి నడుం లోతు నీళ్లలో దిగాను. రెక్కలకి గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుని ఉన్నాయి. “రోజూ పీకేస్తూనే ఉంటామండీ,” అన్నారావిడ. అది మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెక్కలు ఇరుక్కున్నా మోటారు తోస్తూనే ఉంటుంది. ఆ బరువంతా షాఫ్టు మీదే.

షాపుకొచ్చి ఇంకో షాఫ్టు చేసి, దాన్ని రెక్కలకు సన్నటి ఇత్తడి పిన్నుతో కలిపాను. షియర్ పిన్ అంటారు. వేళ్లు చుట్టుకుంటే ముందు పిన్ను తెగుతుంది, షాఫ్టు మిగులుతుంది. సాయంత్రంలోగా రెండుసార్లు తెగింది. రెండుసార్లూ ఆవిడే కొత్తది దిగ్గొట్టారు. ఒడ్డువార కొన్ని చేపలు పోయాయి, చెరువు దక్కింది.

ఇంజనీరు ఫోటోలు తీసుకుంటూ, “దీనికి డ్రాయింగ్ ఉందాండీ?” అనడిగాడు.

“చేతికి తెలుసు, కాగితమెందుకు?” అన్నాను గొప్పగా.

మరుసటేడు కంపెనీ కొత్త మోడల్ దిగింది. అదే చోట, అలాంటి పిన్నే, మా ఊసు మాత్రం లేదు. షియర్ పిన్ నేను కనిపెట్టింది కాదు. ఆ చెరువుకి అది కావాలని పట్టుకున్నది మాత్రం పద్మావతి గారూ నేనూ. ఇంగ్లండులో గని ఒడ్డు మేస్త్రి చేసిన మార్పు కాగితమెక్కేది, తర్వాతివాడు అక్కణ్ణుంచి మొదలెట్టేవాడు. ఆ రోజు వాదనలో ఇంజనీరుకి ఆ ముక్క చెప్పలేకపోయాను. కంపెనీ మీద కోపం ఉంది. నలభై ఏళ్లలో ఒక్క బొమ్మా గీసిపెట్టుకోని నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది.