చేపలకన్నా ముందు మనుషులెక్కిన స్టాండు

గంగబాబు షెడ్డులోంచి ఏ ఇనపసామాను బయటికి రావాలన్నా, ముందు దానిమీద మనుషులెక్కాలి. గేటు కానివ్వండి, నిచ్చెన కానివ్వండి, ఆఖరికి బట్టలారేసుకునే స్టాండు కానివ్వండి, మనుషులెక్కి, కాసేపు అటూ ఇటూ ఊగి, క్షేమంగా దిగితే తప్ప ఆయన రంగు వెయ్యడు. రంగు వెయ్యనిదే ఇవ్వడు. ఎక్కేవాళ్ళు కూడా ఎవరంటే వాళ్ళు పనికిరారు. ఆ సామాను ఎవరింటికి పోతుందో ఆ ఇంటివాళ్ళే ఎక్కాలి.

రాజోలు చుట్టుపక్కల వెల్డింగు షెడ్లకి కరువేం లేదు. పొద్దున చెబితే సాయంత్రానికి అతికించి ఆటో ఎక్కించేవాళ్ళున్నారు. అయినా జనం గంగబాబు దగ్గరికే వెళతారు. ఆయన చేసింది విరగదు, వంగదు. వెళ్ళినవాళ్ళు ఎక్కమన్నదల్లా ఎక్కి, ఊగమన్నట్టల్లా ఊగి, ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొస్తారు.

మురమళ్ళలో ఒకరింటికి రెండు రెక్కల గేటు చేశాడు. బిగించిన రోజున ఆ ఇంటి అత్తగారిని ఒక రెక్కమీదా, కోడలిని రెండో రెక్కమీదా ఎక్కి ఊగమన్నాడు.

"గేటు పట్టుకుని ఊగడానికి నేనేమన్నా చంటిపిల్లనటయ్యా?" అందావిడ.

"మీరు ఊగకపోతే రేపు మీ మనవలు ఊగుతారండి. ఊడితే వాళ్ళమీద ఊడుతుందండి. ముందు మీమీద ఊడితే నయం కదండీ?"

ఈ మర్యాదకి ఆవిడ కొంగు బిగించి ఎక్కింది. కోడలూ ఎక్కింది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి, ఢీకొట్టుకోబోయి, మళ్ళీ వెనక్కి పోయారు. వీధి వీధంతా పనులు మానుకుని చూసింది. దిగాక ఆ అత్తాకోడళ్ళకి ఓ పట్టాన నవ్వాగలేదట.

"మనుషులెందుకయ్యా, ఇసక బస్తాలు పెట్టుకోరాదా?" అని అడగనివాళ్ళు లేరు. ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"బస్తా కదలదండి. మనిషి కుదురుగా కూకోడండి. కుదురులేని బరువే ఇనుముకి అసలు పరీచ్చండి."

ఆయన తండ్రి దిండిలో పడవలు కట్టేవాడు. కొత్త పడవ గోదాట్లో దిగిన రోజున కట్టినవాడూ, కట్టించుకున్నవాడూ తమ కుటుంబాలతో ఎక్కి అవతలి రేవుదాకా వెళ్ళి రావడం వాళ్ళ ఆనవాయితీ. గంగబాబు నాటికి కర్రపోయి ఇనుమొచ్చింది. ఆనవాయితీ మాత్రం ఆయన్ని వదల్లేదు. దానివల్ల ఆయనకింకో అలవాటు కూడా పట్టుకుంది. మనిషిని ఒక్క చూపు చూసి బరువు చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండును. పైకే చెబుతాడు, నలుగురిలో చెబుతాడు, ఆడవాళ్ళకి కూడా చెబుతాడు.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఝాన్సీకి ఈ సంగతులన్నీ తెలుసు. అందుకే ఆమె భర్త క్రాంతికుమార్, "చేపల తొట్టికి స్టాండు గంగబాబుకి చెప్పేను," అనగానే ఆమె ముందు తన చీర సర్దుకుంది. తరవాత, ఎక్కాల్సిన మనుషులెవరా అని వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

క్రాంతికుమార్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. కూతురు శారోన్ నిశ్చితార్థం దగ్గరకొచ్చింది. అబ్బాయివాళ్ళు అమలాపురం నుంచి వస్తారు. వాళ్ళు హాల్లో అడుగుపెట్టగానే "అబ్బో" అనాలని ఆయన ఆరడుగుల అద్దాల తొట్టి కొనేశాడు. అది హాల్లో పరుపుమీద పడుకుని, స్టాండు కోసం ఎదురు చూస్తోంది.

ఝాన్సీ బెంగ చేపల గురించి కాదు. పక్కింట్లో ఉన్న బావగారి గురించి.

ప్రకాశరావు క్రాంతికుమార్‌కి సొంత అన్న, రిటైరైన హెడ్మాస్టరు. రెండేళ్ళ క్రితం చర్చిలో క్రిస్మస్ ట్రీ వేడుక నాడు క్రాంతికుమార్ అయిదు చరణాల పాట అందుకున్నాడు. మూడో చరణంలో మైకు ఆగిపోయింది. ఆ రోజు మైకు సెట్టు దగ్గర కూర్చున్నది ప్రకాశరావు. అంతే, ఆ క్షణంనుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఆడవాళ్ళు మాత్రం గోడమీదనుంచి గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు. ప్రకాశరావు భార్య ఎలీసమ్మ చేసిన రొయ్యల వేపుడు క్రాంతికుమార్ లొట్టలేసుకుంటూ తింటాడు, ఎవరు చేశారని మాత్రం అడగడు. ఝాన్సీ పెట్టిన మాగాయి అన్నంలో కలుపుకుంటూ ప్రకాశరావు కూడా అడగడు.

వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా మొదటి ప్రార్థన ఇంటికి పెద్దవాడు చెయ్యాలి. "పెదనాన్న ప్రార్థన చెయ్యకపోతే నేను ఉంగరం తొడిగించుకోను," అని శారోన్ తేల్చి చెప్పేసింది. "నేను పిలవను," అని క్రాంతికుమార్ అంతకన్నా గట్టిగా చెప్పాడు. "పిలవందే రాను," అని ప్రకాశరావు అన్నట్టు గోడమీదనుంచి కబురొచ్చింది. నడుమ ఝాన్సీ నిద్రపోవడం మానేసింది.

కొలతలకొచ్చిన గంగబాబు తొట్టి చుట్టూ ప్రదక్షిణం చేసి, నేలని మడమతో తట్టి చూశాడు.

"నీళ్ళూ, అద్దమూ, రాళ్ళూ కలిపి ఎనిమిది వందల కిలోల పైమాటండి. పైచట్రాన్ని కాళ్ళ నెత్తిన కూకోబెడతానండి. పక్కన అతికితే బరువు అతుకుమీద పడుద్దండి. అతుకు ఎంతకని మోస్తుందండి పాపం? నడిమధ్య ముందోటి, వెనకోటి, ఇంకో రెండు కాళ్ళండి."

చెప్పడం అయ్యాక కళ్ళు మనుషులమీదికి మళ్ళాయి. "మాస్టారు తొంభై రెండండి. సిస్టరుగారేమో..."

"నాది చెప్పక్కర్లేదు గంగబాబుగారూ," అంది ఝాన్సీ.

"ఆయ్," అని ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. గోడ అవతల ప్రకాశరావు క్రోటన్ మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. "ఆయనెవరండీ?"

క్రాంతికుమార్ తలెత్తి ఫ్యానుని పరిశీలించసాగాడు. "ఎవరో పక్కింటాయన."

"మా బావగారండీ," అంది ఝాన్సీ.

గంగబాబు ఒకసారి ఫ్యానుని, ఒకసారి గోడని, ఒకసారి ఝాన్సీ మొహాన్ని చూశాడు. "తొంభై రెండేనండి. ఒక్క అచ్చులో పోసినట్టున్నారండి," అని, దొరకని సామాను దొరికినంత సంతోషంగా వెళ్ళిపోయాడు.

స్టాండు వచ్చిన రోజు ఆదివారం. రంగు లేకుండా నల్లగా, బలంగా ఉంది. వాకిట్లో దింపి, గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి, పైన చెక్క పరిచాడు గంగబాబు. ముందు నలుగురు, వెనక నలుగురు, వీపుకి వీపు ఆనించి కూర్చోవాలన్నాడు. చాలని బరువుకి తలా ఒక బియ్యం బస్తా ఒళ్ళో పెట్టుకోవాలన్నాడు. ముందువైపు క్రాంతికుమార్, ఝాన్సీ, శారోన్, ఎదురింటి బాపిరాజు. వెనకవైపు ఎలీసమ్మ, గంగబాబు భార్య మరిడమ్మ, ఆనవాయితీ ప్రకారం గంగబాబు. ఇంకొక్క చోటు మిగిలింది.

"మాస్టారి వీపు వెనక తొంభై రెండు కిలోలు పడాలండి."

"బాపిరాజుని అటు మార్చు," అన్నాడు క్రాంతికుమార్.

"బాపిరాజుగారు యాభై కూడా లేరండి. ఫ్యానేస్తే ఎగిరిపోతారండి."

బాపిరాజు నొచ్చుకున్నాడు గానీ, బస్తా కింద ఉన్నాడు కాబట్టి పైకి ఏమీ అనలేదు.

"పోనీ, ఇంకో రెండు బస్తాలు పెట్టు."

"బస్తా కదలదండి..."

"తెలుసు! అయితే నాకు స్టాండే అక్కర్లేదు."

"ఆయ్. తీసుకెళ్ళిపోతానండి," అని గంగబాబు ఏమాత్రం నొచ్చుకోకుండా తాడు తియ్యబోయాడు. క్రాంతికుమార్ హాల్లో పరుపుమీద పడుకున్న తొట్టిని చూశాడు. దాని ధర గుర్తొచ్చింది, వియ్యాలవారు గుర్తొచ్చారు.

"పిలుచుకో. నేను మాత్రం పిలవను."

గంగబాబు గోడ దగ్గరికి వెళ్ళాడు. "హెడ్మాస్టారండీ! ఓ తొంభై రెండు కిలోలు అర్జంటుగా కావాలండి. ఈ వీధిలో మీ దగ్గరే ఉన్నాయండి."

"ఎవరికి?" అని ప్రకాశరావు గొంతు వినిపించింది.

"చేపలకండి."

అవతల కాసేపు నీళ్ళు పోస్తున్న చప్పుడు. తరవాత, "చేపలకైతే వస్తాను," అన్నాడాయన.

వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా, ఇస్త్రీ చొక్కా నలగకుండా, తమ్ముడి వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఒళ్ళో బస్తా పడింది. స్టాండు కిమ్మనలేదు.

"గంటసేపు ఎవరూ లేవకూడదండి. ఒకరు లేస్తే వెనకున్నోళ్ళు వెల్లకిలా పడతారండి," అని గంగబాబు తన చోట ఎక్కి కూర్చుని ప్రకటించాడు.

పావుగంట గడిచింది. బాపిరాజు కాలిమీద చీమ పాకుతోంది, వంగడానికి లేదు. ప్రకాశరావు కొబ్బరిచెట్టుతో అన్నాడు: "గంగబాబూ, ఎవరో నన్ను వీపుతో తోస్తున్నారు."

క్రాంతికుమార్ వీధి గేటుతో అన్నాడు: "గంగబాబూ, బరువు సమానంగా పడాలని చెప్పు."

"ఇద్దరూ తోసుకోండి పర్లేదండి. తోపుడికి కూడా స్టాండు ఆగాలండి," అన్నాడు గంగబాబు.

"ఊరికే కూకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయండి," అంది మరిడమ్మ. "ఎవరన్నా ఓ పాట పాడండి."

శారోన్ వెంటనే అందుకుంది. ఏ పాటో ఝాన్సీకి మొదటి మాటకే తెలిసిపోయింది. అదే పాట, ఆ అయిదు చరణాల పాట. పిల్లని గిల్లుదామంటే చేతుల్లో బస్తా ఉంది. అవతలనుంచి ఎలీసమ్మ గొంతు కలిపింది. తన పాట ఇంకొకరు పాడుతుంటే క్రాంతికుమార్ ఎంతసేపని ఊరుకుంటాడు? పల్లవి రెండోసారి వచ్చేసరికి ఆయనే ముందున్నాడు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మూడోదాని మొదటి మాట దగ్గర ఆయన ఠక్కున ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు.



"ఆపేవేంట్రా?" అన్నాడు ప్రకాశరావు.

రెండేళ్ళ తరవాత అన్న నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. క్రాంతికుమార్ వీపు బిగుసుకుంది.

"ఎవరో ఒకరు ఆపుతారు కదాని, నేనే ఆపేను."

"ఆపింది నేనే," అన్నాడు ప్రకాశరావు. "ఆ రోజు నువ్వు శృతి వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయేవు. వెనక బెంచీలవాళ్ళు నవ్వుతున్నారు. మా తమ్ముణ్ణి చూసి నవ్వుతుంటే నేను చూళ్ళేకపోయేను. వైరు పీకేసేను."

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు మొహం చూపిస్తేనా?"

ఇప్పుడూ మొహాలు కనబడటం లేదు. వీపులు మాత్రం ఆనుకుని ఉన్నాయి. క్రాంతికుమార్ చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఇవాళెలా ఉంది శృతి?"

"ఇవాళా తప్పేవు," అన్నాడు హెడ్మాస్టారు. "కానియ్. నేను కింద పట్టుకుంటాను, నువ్వు పాడు."

క్రాంతికుమార్ మూడో చరణం పాడాడు. అన్న బొంగురు గొంతు దాని కింద నిలబడింది. నాలుగోది పాడాడు. అయిదోదీ పాడి, ఎవరూ ఆపలేదు కదాని మళ్ళీ మూడోది పాడాడు. శృతి మూడుచోట్ల తప్పింది. ఝాన్సీకి అంత కమ్మని పాట ఎన్నడూ విన్నట్టనిపించలేదు. కళ్ళు తుడుచుకుందామంటే బస్తా వదల్లేక, అలాగే కారనిచ్చింది.

"గంటయిందండి," అన్నాడు గంగబాబు. ఒక్క బాపిరాజు తప్ప ఎవరూ లేవడానికి తొందరపడలేదు. ఒకరు లేస్తే ఒకరు పడతారు కాబట్టి అన్నదమ్ములు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒకేసారి లేచారు. లేచాక చెయ్యి వదలడం ఇద్దరూ మర్చిపోయారు. నిశ్చితార్థం ప్రార్థన ఎవరు చెయ్యాలన్న ప్రశ్న మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ప్రకాశరావే తొట్టికి ఏ చేపలు కొనాలో తమ్ముడికి పాఠం చెబుతూ హాల్లోకి నడిచాడు.

మర్నాడు ఝాన్సీ డబ్బాలో సున్నుండలు పెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. గంగబాబు లేడు. షెడ్డు వెనక మరిడమ్మ నీలం డ్రమ్ముల్లోంచి బకెట్లతో నీళ్ళు తోడి కొబ్బరిమొక్కలకి పోస్తోంది.

"ఇన్ని నీళ్ళెందుకు పట్టేరు మరిడమ్మగారూ?"

"మీ స్టాండు కోసమేనండి. వారం రోజులు దాని నెత్తిన డ్రమ్ములు పెట్టి ఉంచేడండి. పొద్దున్నా సాయంత్రం మట్టం చూసుకునీవోడు. నూలుపోగంత కూడా వంగలేదన్నాకే మీ ఇంటికి తెచ్చేడండి."

ఝాన్సీ బకెట్టువంక చూసింది. "మరి మమ్మల్నెందుకు కూచోబెట్టేరు? బస్తా కదలదు సరే, నీళ్ళు కదులుతాయిగా?"

"మురమళ్ళ గేటుకీ అంతేనండి. ముందు ఇసక బస్తాలు వేలాడదీసి చూసుకున్నాడండి," అని మరిడమ్మ గొంతు తగ్గించింది. "ఆ అత్తాకోడళ్ళు అప్పటికి వేరే పొయ్యిలు పెట్టుకున్నారండి. మీరు అడక్కండేం? అడిగితే సిగ్గుపడి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినడండి."

అంతలో గంగబాబు రంగుడబ్బాలు పట్టుకుని వచ్చాడు. "నలుపేద్దామాండీ, నీలమేద్దామాండీ?" అన్నాడు.

ఝాన్సీ ఏమీ అడగలేదు. సున్నుండల డబ్బా చేతికిచ్చి, "నలుపే వెయ్యండి. ఇంకో పని కూడా ఉందండీ. ఒక ఇనప ఉయ్యాల కావాలి. ఇద్దరు పట్టేది," అంది.

"మీకాండీ?"

"బాపిరాజుగారికండి. ఆయన పుట్టినరోజుకి మేం ఇద్దామనుకుంటున్నాం. ఆయనకీ, వాళ్ళ బావమరిదికీ ఈ మధ్య మాటల్లేవంట."

గంగబాబు మొహంలో ఏ మార్పూ లేదు. చెవిమీద పెన్సిలు తీసి, గోడమీద ఉయ్యాల బొమ్మ గీశాడు. "ఆ బావమరిదిగారు ఎంతుంటారండీ?"

"డెబ్బైకి పైనే ఉంటారు."

"బాపిరాజుగారేమో సన్నమండి. ఉయ్యాల ఓ పక్కకి ఒరిగిపోద్దండి," అని ఆయన దిగులుగా గడ్డం గోక్కున్నాడు. "ఆయన ఒళ్ళో మళ్ళీ బియ్యం బస్తా పెట్టాల్సొస్తుందండి."

"ఆయ్," అంది ఝాన్సీ. "బస్తా నేను తెస్తానండి."